సిరీస్ నడిచేకొద్దీ ఇన్‌స్పెక్టర్‌కి వయసు పెరగాలా?

కపిలతీర్థం రోడ్డు:
తిరుపతిలో ఆదివారం సాయంత్రాలు కొందరం కూర్చుని, చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. మాలో ఒకాయన అపరాధ నవలల సిరీస్ రాస్తున్నారు. ఊరు తిరుపతే, అన్నిటిలోనూ ఒకే సర్కిల్ ఇన్‌స్పెక్టర్. మొదటి కథ 2012లో జరుగుతుంది. అప్పటికి ఇన్‌స్పెక్టర్‌కి 48. ఇప్పుడు నాలుగో కథ 2025లో పెట్టాలనుకుంటున్నారు. లెక్క ప్రకారం మనిషికి 61 రావాలి. రానివ్వాలా, 48 దగ్గరే ఆపేయాలా అన్నది తగువు.

నా ఓటు రానివ్వాలనే. మొదటి నవలలో శేషాచలం అడవిలో ఎర్రచందనం దుంగల పక్కన శవాన్ని చూసి ఆ రాత్రి నిద్రపోలేకపోయిన మనిషి, మూడో నవలలో అలాంటిదే చూసి టీ తెప్పించుకున్నాడు. నేను సిరీస్ చదివేదే ఆ తేడా కోసం. అది లేకపోతే విడి నవలలు చాలవా? మీరేమంటారు?

అద్దె పుస్తకాలు, చిత్తూరు:
నేను అద్దె పుస్తకాల షాపు నడిపినవాణ్ణి. చదివేవాళ్లు పుస్తకం పేరు అడిగేవారు కాదు. "యుగంధర్ ఉన్నది ఏదైనా ఇవ్వండి" అనేవారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ అన్నమాట. ముందుది ఏదో వెనకది ఏదో వాళ్లకు అక్కర్లేదు, షెల్ఫులో చేతికి అందినది పట్టుకుపోయేవారు. యుగంధర్ ఉంటాడు, అసిస్టెంట్ రాజు ఉంటాడు, చిక్కుముడి మాత్రం కొత్తది. ఆ భరోసాకే అద్దె కట్టేవారు. వయసు పెంచారంటే వరుస వచ్చి పడుతుంది. వరుస వస్తే మధ్యలో ఒక పుస్తకం దొరక్కపోయినా పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పాయిరో సంగతి చూడండి. 1920లో వచ్చిన మొదటి నవలకే బెల్జియం పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి. చివరి నవల 1975లో వచ్చింది. వయసు లెక్కగడితే ఎంత తేలుతుందో మీరే చూసుకోండి. ఎవరైనా చదవడం మానేశారా?

రేణిగుంట జంక్షన్:
సార్, మీ షాపులో షెల్ఫు కష్టం ఉండేది, ఒప్పుకుంటాను. నేను రైల్లో ఫోనులో చదువుతాను, ఏ పుస్తకం ముందో దానికే తెలుసు. దొరకదన్న బాధ ఇప్పుడు లేదు. ఇక పాయిరో వయసును పాఠకులు క్షమించారు తప్ప, వయసు పెరగనందుకు ఎవరూ మెచ్చుకోలేదు.

నాకు కావలసింది ఒక్కటే. రెండో పుస్తకంలో మోకాలికి దెబ్బ తగిలితే మూడో పుస్తకంలో కుంటాలి. కానిస్టేబులు చనిపోతే ఆ కుర్చీ ఖాళీగా కనిపించాలి. ముందు పుస్తకంలో జరిగిన దేన్నీ ఎవరూ గుర్తుపెట్టుకోని సిరీస్‌లో హత్య జరిగినా నాకు భయం వేయదు.

బెంచి గుమస్తా కాదు, ప్లీడరునే:
మీరంతా మోకాలు దగ్గరే ఉన్నారు. చట్టం మారిందండీ! 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు సెక్షను 302 పోయి 103 వచ్చింది. మీ ఇన్‌స్పెక్టర్ 2025లో "302 కట్టండి" అన్నాడంటే అక్కడే పుస్తకం మూసేస్తాను. గుర్తు తెలియని శవం దొరికితే పంచనామా వెనకటి సీఆర్‌పీసీ 174 కింద కాదు, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 194 కింద జరగాలి.

ఇంకా తమాషా అయినది చెబుతాను, మీ రచయితకు పనికొస్తుంది. 2019లో హత్య చేసి శేషాచలంలో పూడ్చారు. ఎముకలు 2025లో బయటపడి, కేసు అప్పుడు నమోదైంది. నేరం జరిగిన నాటి చట్టమే వర్తిస్తుంది కాబట్టి సెక్షను 302. దర్యాప్తు మాత్రం కొత్త పద్ధతిలో నడుస్తుంది. ఒకే ఫైలులో రెండు కాలాలు! 61 ఏళ్ల ఇన్‌స్పెక్టర్‌కి పాత సెక్షన్లు నోటికి వచ్చు, కొత్తవి చూసుకుని రాయాలి. పక్కనున్న కుర్ర ఎస్సైకి కొత్తవే తెలుసు. 48 దగ్గర ఆపేసిన మనిషితో ఈ సన్నివేశం రాయగలరా?

ఇంకొక మనవి. చివరి అధ్యాయంలో నిందితుడు స్టేషనులో ఏడుస్తూ అంతా ఒప్పేసుకోవడం దయచేసి ఆపించండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నేరాన్ని రుజువు చేయదు. అతను చెప్పిన చోట కత్తి దొరికితే, ఆ దొరికినంత మేరకే పనికొస్తుంది. ఇష్టం లేకుండా నార్కో పరీక్ష, అంటే మత్తుమందు ఇచ్చి నిజం చెప్పించడం, చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

రిటైర్డ్ ఖాకీ:
ప్లీడరు గారు చెప్పినది సరే. నేను అడగాల్సింది వేరే ఉంది. 2012 నుంచి ఒకే ఊళ్లో, ఒకే హోదాలో సీఐ ఎలా ఉన్నాడు? బదిలీ ఏదీ? ఈపాటికి డీఎస్పీ కావాలి, లేదా ఏదో శాఖాపరమైన విచారణ వల్ల ప్రమోషను ఆగి ఉండాలి. ఆగితే ఎందుకు ఆగిందో, అదే ఒక కథ.

వయసు విషయంలో ప్రభుత్వమే మీ రచయితకు సాయం చేసింది. రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. 1964లో పుట్టినవాణ్ణి పాత లెక్కన 2022లోనే దండ వేసి పంపేసేవారు. ఇప్పుడు 2025లో ఇంకా యూనిఫాంలో ఉంటాడు. మిగిలింది చివరి ఏడాది. పెండింగు కేసు ఒకటి ఉంటే ఆ ఏడాది ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

అద్దె పుస్తకాలు, చిత్తూరు:
ఖాకీ అన్నా, మీరు చెప్పింది బాగుంది, చదవాలనిపించింది కూడా. కానీ భయం ఎక్కడంటే, వయసు పెంచిన ప్రతి రచయితా కేసును పక్కన పెడతాడు. సగం పుస్తకం కూతురి పెళ్లి, షుగరు మాత్రలు, భార్యతో మాటల్లేకపోవడం. హత్య 120వ పేజీలో గుర్తొస్తుంది. ఆధారాలన్నీ నా కళ్ల ముందే పెట్టి, నేను చూడలేకపోయేలా చేయాలి. అది చేతనైనవాడు ఇన్‌స్పెక్టర్‌కి 90 ఏళ్లు పెట్టినా చదువుతాను. చేతకానివాడే మోకాళ్ల నొప్పి రాస్తాడు.

రేణిగుంట జంక్షన్:
మోకాలు నా మీదకే వచ్చింది! సార్, కూతురి పెళ్లి ఖర్చే లంచానికి దారి తీసి, ఆ లంచమే ఒక ఆధారం మాయం కావడానికి కారణమైతే? అప్పుడది కేసు పక్కన ఉన్నట్టా, కేసులో ఉన్నట్టా?

అద్దె పుస్తకాలు, చిత్తూరు:
కేసులో ఉన్నట్టే. అలా రాసింది ఉంటే పంపమ్మా.

కపిలతీర్థం రోడ్డు:
ఇదంతా రచయితకు చదివి వినిపించాను. ఆయన మూడో దారి పట్టారు. నాలుగో కథను 2016లో పెడతారట. వయసు గొడవా ఉండదు, కొత్త సెక్షన్ల బెడదా ఉండదు. నాకైతే తప్పించుకున్నట్టు అనిపించింది.

రిటైర్డ్ ఖాకీ:
తప్పించుకోవడం అంత సులువు కాదు. 2016లో తిరుపతి జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. కలెక్టరు చిత్తూరులో ఉంటారు, నగరానికి మాత్రం తిరుపతి అర్బన్ ఎస్పీ వేరు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కూడా అప్పటికి లేదు. దాని మీద కారు తరిమించకుండా చూసుకోమనండి.

రేణిగుంట జంక్షన్:
రెండో పుస్తకం 2018లో జరుగుతుంది కదా? అయితే 2016లో ఆయన కుంటకూడదు. చనిపోయిన కానిస్టేబులు బతికే ఉండాలి. అతను తర్వాత జరిగే కథలో చనిపోతాడని తెలిసి చదవడం నా వల్ల అవుతుందో లేదో చూడాలి.

అద్దె పుస్తకాలు, చిత్తూరు:
నాకు అభ్యంతరం లేదు. కథ ఏ సంవత్సరానిదో అట్ట మీద వేయించమనండి, చాలు.