పాదరసం పొగకి చేతులు వణుకు, మందుందా?

ప్రశ్న (బొబ్బిలి): మా మావయ్య కంసాలి. దుకాణం తుడిచిన మట్టిలోంచి బంగారం పొడిని పాదరసంతో పట్టి, తలుపులేసుకుని కాల్చేవారు. ఇప్పుడు చేతులు వణుకు, మతిమరుపు, ఊరికే కోపం. మూత్రంలో పాదరసం ఎక్కువుందన్నారు. మెదడు బాగవుతుందా? టెన్షన్‌గా ఉంది.

నర్సు, శ్రీకాకుళం: ముందు ఆ కాల్చడం ఆపించండి, మందులు తర్వాత. డీఎంఎస్ఏ లాంటి కీలేషన్ మందు ఒంట్లో పాదరసాన్ని మూత్రంలోకి తోస్తుంది గానీ మెదడులోకి సరిగా చేరదు. చచ్చిన నరాల కణాలు తిరిగి పుట్టవు. అయినా పీల్చడం ఆగితే వణుకు చాలావరకు తగ్గొచ్చు. ఫిజియోథెరపీ కూడా పనికొస్తుంది. న్యూరాలజిస్టుకి చూపించండి.

మరొకరు: రససింధూరం అనే ఆయుర్వేద మందు వాడండి, నరాలకి బలం.

నర్సు: అయ్యో, అందులో ఉన్నదే పాదరసం!

ప్రశ్న అడిగినవారు: అత్తయ్య కుంపటి దాచేసింది. మావయ్య అలిగారు.