సిరొంచలో వరదకు ఊరు వదిలిన మహిళల చిరువ్యాపారాలకు సాయం ఎలా?

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. 2022 జులై గోదావరి వరదకు ఊరు వదిలి రోడ్డు పక్కకు చేరిన మా సంఘం ఆడవాళ్లు మళ్లీ పచ్చళ్లు, కారం పొడుల వ్యాపారం పెడతామంటున్నారు. పిండిగిర్నీ మోటారు నిండా ఒండ్రుమట్టే. పచ్చడి జాడీలు మాత్రం చెక్కుచెదరలేదు!

చిన్న ఆహార తయారీ యూనిట్లకు సాయం చేసే కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈలో స్వయం సహాయక సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం ఇస్తారు. స్వయం ఉపాధికి కేంద్రం ఇచ్చే మరో పథకం పీఎంఈజీపీలో గ్రామీణ మహిళకు 35 శాతం రాయితీ ఉంది, కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడినది. అప్పంటేనే వీళ్లకు హడలు. ఏది మేలు?

అసలు చిక్కు చిరునామాతోనే. ఆధార్‌లో పాత ఊరు, దుకాణం కొత్త చోట. గ్రామపంచాయతీ ధ్రువపత్రం సరిపోతుందా?

శిక్షణ మరాఠీలో అయితే సగం మందికి అర్థం కాదు. తెలుగులో నేర్పేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కాళేశ్వరం వైపు వాళ్లయినా సరే, వంతెన దాటితే మా సిరొంచే.