43 డిగ్రీల ఎండలో ఒంటి వేడి ఎటు పోతుంది?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి, హన్మకొండ): వేడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పోతుంది గదా. మే నెలలో గాలి 43 డిగ్రీలుంటే, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒళ్లు 37. ఆయన ఒంట్లో పుట్టే వేడి బయటికెట్ల పోతది సార్?

జవాబు 1: చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది కాబట్టి గాలి వేడి ఇంకా లోపలికే వస్తుంది తమ్మీ. బయటికి దారి చెమట ఆరడం ఒక్కటే. కండరాల సామర్థ్యం 20–25 శాతం. అంటే 100 వాట్ల పనికి 300 వాట్లకు పైగా వేడి, గంటకు సుమారు 1,100 కిలోజౌళ్లు. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు లాక్కుపోతుంది. కాబట్టి పనివేడికే గంటకు అర లీటరు దాకా ఆరాలి. గాలి నుంచి వచ్చే వేడి దీనికి అదనం. కారి కింద పడ్డ చెమట చల్లబరచదు. ఉక్కపోతలో చెమట సరిగా ఆరదు, అది తోడైతే ప్రమాదం అందుకే.

జవాబు 2: ఇక్కడ కార్నో సూత్రం (వేడితో నడిచే యంత్రం గరిష్ఠంగా ఎంత పని ఇవ్వగలదో చెప్పేది) మాత్రం పెట్టకు, చాలామంది పరీక్షలో పెడతారు. ఒళ్లు ఉష్ణయంత్రం కాదు. తిండిలోని రసాయనశక్తి ముందు వేడిగా మారకుండానే కొంత ఏటీపీలోకి (కణం పనులకు వాడుకునే శక్తి అణువు) చేరుతుంది. మోల్ గ్లూకోజ్ నుంచి దొరికే శక్తి 2,870 కిలోజౌళ్లు. దాంతో తయారయ్యే 30 మోళ్ల ఏటీపీ × మోల్‌కు 30.5 కిలోజౌళ్లు = 915, అంటే 32 శాతం. కణంలోని అసలు గాఢతల దగ్గర మోల్ ఏటీపీకి 50 కిలోజౌళ్ల దాకా లెక్కేస్తారు. అప్పుడు సగం దాటుతుంది.

ప్రశ్నించినవారు: మరి కణం తనలోని ఎంట్రోపీని (చిందరవందరతనాన్ని) తగ్గించుకుంటే, మొత్తం ఎంట్రోపీ తగ్గదనే ఉష్ణగతిక శాస్త్ర రెండో నియమం తప్పినట్టు కాదా?

జవాబు 2: కాదు. కణం వివృత వ్యవస్థ, అంటే బయటితో పదార్థాన్నీ శక్తినీ ఇచ్చిపుచ్చుకునేది. అది బయటికి వదిలే వేడి, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు పరిసరాల ఎంట్రోపీని అంతకంటే ఎక్కువే పెంచుతాయి. రెండూ కలిపి లెక్కేయాలి.