ఎగుంగున్ వేషం స్టేజీ మీద: నైజీరియాలో ఎలా చేస్తారు?

అందరికీ నమస్కారం. నైజీరియా రచయిత వోలే సోయింకా 1975 నాటి నాటకం 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' మా బృందం తెలుగులో వేస్తోంది. రిహార్సల్స్ బాగానే సాగుతున్నాయి. చిక్కల్లా రెండో రంగంతోనే.

అందులో బ్రిటిష్ జిల్లా అధికారి పిల్కింగ్స్, అతని భార్య జేన్ ఫ్యాన్సీ డ్రెస్ నృత్య విందు కోసం, జప్తు చేసిన ఎగుంగున్ (పితృదేవతల) వేషాలు తొడుక్కుని టాంగో ఆడుతుంటారు. పోలీసు అముసా ముస్లిం. అయినా ఆ బట్టల్లో ఉన్నవాళ్ళతో చావు గురించి మాట్లాడనంటాడు. ఆ భయం ప్రేక్షకుడికి తగలకపోతే రంగం కామెడీ అయిపోతుంది!

నైజీరియాలోని యోరుబా జాతివాళ్ళకు ఎగుంగున్ అంటే తిరిగొచ్చిన పితృదేవతలు. ఒళ్ళంతా కప్పేస్తారు, ముఖానికి వల. గిర్రున తిరిగితే రంగు గుడ్డల పేలికలు గొడుగులా విచ్చుకుంటాయి, ఆ గాలి తగిలితే దీవెన అంటారు. ఏటేటా కొత్త గుడ్డలు కుడతారట.

ఇప్పుడు నా సందేహాలు. అక్కడి బృందాలు అసలు వేషమే వాడతాయా, స్టేజీకి వేరే కుట్టించుకుంటాయా? వాడే ముందు పూజలాంటిదేమైనా ఉంటుందా? మామూలుగా ఆడవాళ్ళు తొడగరు కదా, జేన్ పాత్ర వేసే అమ్మాయికి అక్కడ ఎలా సర్దుకుంటారు? అచ్చంగా దింపకుండా ఏ భాగాలు వదిలేస్తే మర్యాద?

లాగోస్, ఇబాడాన్‌లలో ఉన్న తెలుగువాళ్ళు, యోరుబా మిత్రులున్నవాళ్ళు కాస్త కనుక్కుని చెప్పగలరా? మా టైలర్ గుడ్డ కోయకుండా ఆగి ఉన్నాడు.