రెండు కెమెరాలు, రెండు పసుపులు: రంగులు కలపాల్సింది మండపంలోనా, ఎడిటింగ్‌లోనా?

సన్నాయి:
మొన్న ఒక పెళ్ళికి రెండు కెమెరాలు పెట్టాను. ఒకటి నాది, రెండోది రోజు లెక్కన పిలిచిన తమ్ముడిది. కంపెనీలు వేరు. రెండింటిలోనూ వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే అమరిక) 5600 కెల్విన్ పెట్టాం. తీరా చూస్తే వంకాయరంగు పట్టుచీర నా కెమెరాలో వంకాయరంగులోనే ఉంది, రెండో దానిలో నీలంగా ఉంది. జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు షాటు మారిన ప్రతిసారీ చీర మారుతోంది. “మా అమ్మాయికి ఎన్ని చీరలు కట్టారు బాబూ?” అని పెళ్ళికూతురి తల్లి అడిగారు. సరిచేయడానికి ఎడిటర్ అదనంగా అడుగుతున్నారు. అసలు ఇది ఎవరి పని?

పాత టేపు:
మండపంలో చేయాల్సిన పని. నేను క్యాసెట్ల కాలం నుంచి తీస్తున్నాను. తెల్లకాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ తీసుకోనిదే రికార్డు బటన్ మీద వేలు పెట్టేవాళ్ళం కాదు. ఇప్పుడు అంకె తిప్పి వదిలేస్తున్నారు. ఒక కంపెనీ 5600, ఇంకో కంపెనీ 5600 ఒకటి కావు. కెల్విన్ మార్చితే బొమ్మ నీలం, నారింజ మధ్యే అటూ ఇటూ జరుగుతుంది. ఆకుపచ్చ, మెజెంటా తేడా ఉంటే టింట్‌తో విడిగా సరిచేయాలి. ఆ మీట ఒకటుందని ఎంతమందికి తెలుసు? పైగా ఇప్పుడు హాల్లో పెద్ద తెర పెట్టి లైవ్ మిక్సింగ్ చేస్తున్నారు. ఐదొందల మంది అక్కడే చూస్తుంటే, ఎడిటింగ్‌లో సరిచేస్తామని మైకులో చెబుతారా?

గోదారి గట్టు:
వైట్ బ్యాలెన్స్ కెమెరాకే వదిలేసి ఆటోలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా.

కత్తెర:
ఆటోలో పెడితే ఎర్రచీర కట్టుకున్నవారు కెమెరా ముందు నుంచి నడిచిన ప్రతిసారీ రంగు జరుగుతుంది. ఒకే షాటులో నాలుగు రంగులు. దాన్ని నాలాంటి ఎడిటర్ ఎలా సరిచేయాలి?

టేపు గారూ, మీ తెల్లకాగితం దగ్గరే ఉంది తిరకాసు. జిరాక్స్ కాగితంలో తెల్లగా మెరవడానికి రసాయనం కలుపుతారు, అది కాస్త నీలం వైపు ఉంటుంది. దాన్ని నమ్మితే బొమ్మంతా పసుపు వైపు జరుగుతుంది. బూడిదరంగు కార్డు వాడండి. ఇంకా మంచిది 24 గడుల రంగుల చార్టు, 1976 నుంచీ ఉన్నదే. మండపం వెలుగులో రెండు కెమెరాలూ దాన్ని పది సెకన్లు తీస్తే చాలు. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడుల మీద పెట్టి నొక్కితే ముప్పావు వంతు పని అయిపోతుంది. ఆ పది సెకన్లు నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

పాత టేపు:
మధుపర్కాలు తెల్లగానే ఉంటాయిగా. వాటిమీద తీసుకోవచ్చు.

కత్తెర:
పసుపులో ముంచిన అంచు, నీలిమందు పెట్టి ఉతికిన పంచె. దాన్ని మీరు తెలుపు అంటారా?

పాత టేపు:
అంచు మీద తీయమని ఎవరన్నారు? మధ్యలో తీయమన్నాను.

కత్తెర:
మధ్యలో తలంబ్రాలు ఉంటాయి.

మూడో కన్ను:
ఇద్దరూ పంచె పట్టుకుని లాగుతున్నారు. అసలు దోషం లైట్లది. మ్యాచింగ్ సెంటర్‌లో ఆడవాళ్ళు జాకెట్టు ముక్కను చీర పక్కన పెట్టి, వెంటనే కొనకుండా గుమ్మం బయటికి తీసుకెళ్ళి చూస్తారు. ట్యూబులైటు కింద కలిసిన రెండు రంగులు ఎండలో కలవవు. సెన్సార్లదీ అదే కథ. ఒక్కో కంపెనీ సెన్సార్ మీద రంగుల వడపోత ఒక్కో తీరుగా ఉంటుంది. ఎండలో రెండు కెమెరాలనూ కలిపి, ఊదారంగు ఎల్‌ఈడీల కిందికి తెస్తే మళ్ళీ విడిపోతాయి. ఆ వెలుగులో నీలం ఒక్కటే గట్టిగా ఉంటుంది. కెమెరాలో నీలం పొర నిండిపోతే అక్కడ చీర నేత, జరీ ఏమీ మిగలవు. పోయినదాన్ని ఏ చార్టూ తేలేదు. పట్టు మీద పడే లైట్లు తెల్లగా ఉండేలా డెకరేషన్ వారితో ముందే మాట్లాడుకోవాలి.

పాత టేపు:
లైట్ల సంగతి మన చేతిలో లేదు. కెమెరా మాటే మాట్లాడండి.

కత్తెర:
సరే, కెమెరా మాటే. పోయిన మాఘంలో నాకు మూడు కెమెరాల పెళ్ళి వచ్చింది. ఒకటి లాగ్‌లో (తర్వాత దిద్దుకునేలా రంగు పలచగా) తీసినది, 10-బిట్, అంటే ఒక్కో రంగుకు 1024 మెట్లు. మిగతావి 8-బిట్, 256 మెట్లే. పైగా కెమెరాలోనే రంగు గాఢంగా వండేసినవి. బొమ్మలోని రంగుల్ని గుండ్రటి పటం మీద చూపే వెక్టర్‌స్కోప్‌లో ఎరుపుకూ పసుపుకూ మధ్య చర్మం గీత ఉంటుంది. నల్లటివారైనా తెల్లటివారైనా చర్మం ఛాయ దాని చుట్టుపక్కలే పడుతుంది. నలుగు సీనులో మూడు ముఖాలనూ ఆ గీత మీదికి లాగాను. మూడూ కలిశాయి! పెళ్ళికూతురి ముఖాన పసుపు మాత్రం పోయి గులాబీరంగు వచ్చింది. “నలుగు పెట్టామా, పౌడరు పెట్టామా?” అని వాళ్ళ బామ్మగారు అడిగారట. మళ్ళీ మొదటి నుంచి చేశాను. పదకొండు రాత్రులు. దానికి ఒక్క రూపాయి అదనంగా రాలేదు.

పాత టేపు:
గీత చూసి ముఖం దిద్దేవాడికి పసుపేం కనిపిస్తుంది? కళ్ళతో చూడాలి. మీ వంటివారి చేతిలో పడే మా బొమ్మలు పాడవుతున్నాయి.

కత్తెర:
మర్యాద తప్పుతున్నారు. మీ వంటివారు వదిలేసిన చెత్త ఊడ్చేది మేమే.

పాత టేపు:
చెత్తా? ఉన్నమాట చెబుతాను వినండి. అప్పు చేసి మంచి కెమెరా కొన్నాను, ఇంకా వాయిదాలు కడుతున్నాను. రెండో కెమెరాకు ఎవరో కుర్రవాణ్ణి పిలుస్తారు, అతని దగ్గర చవక కెమెరా ఉంటుంది. రంగులు కలపడమంటే మీరు చేసేది ఏమిటి? అతని బొమ్మను నా బొమ్మ దాకా ఎత్తలేరు, అందుకని నాదాన్ని దించుతారు. ఆల్బమ్ చూసి జనం నా పేరే తిడతారు. కొత్త కెమెరా ఎందుకు కొన్నానో మా ఆవిడకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

కత్తెర:
దించుతాను, నిజమే. 256 మెట్లవాణ్ణి 1024కి లాగితే ఆకాశంలో పట్టీలు పడతాయి, ముఖం మీద మచ్చలు లేస్తాయి. బాగున్నదాన్ని తగ్గించడం తప్ప దారి లేదు. ఈ మాట మొదటే అనుంటే, మధుపర్కం దగ్గర ఇంత రభస అయ్యేది కాదు.

మూడో కన్ను:
ఇన్ని మాటల తర్వాత తేలింది ఇదన్నమాట. రెండో కెమెరా ఏదో నిర్ణయించేది ఎవరు, దాని ఖరీదు కట్టేది ఎవరు అని.

సన్నాయి:
రెండో కెమెరాను పిలిచింది నేనే. అందుకని ఈసారి ఎడిటర్ అడిగినదాంట్లో సగం నేను ఇస్తున్నాను, సగం పెళ్ళివారిని అడుగుతాను. చార్టు కూడా నేనే కొంటాను. వచ్చే ముహూర్తం తెల్లవారుజామున 3:20కి. అంతకు ముందు ఏదో ఒక క్షణం మండపం ఖాళీ చేయించి పది సెకన్లు చార్టు పట్టుకుంటాను. కానీ సరిగ్గా తాళి కట్టే వేళకు డెకరేషన్ వారు ఊదారంగు లైట్లు వేస్తారు. వారిని ఆపమని చెప్పేదెవరు?

పాత టేపు:
ఏ ఊరు?

సన్నాయి:
తెనాలి.

పాత టేపు:
అక్కడ డెకరేషన్ మా బావమరిదిదే. ఆ లైట్లు నేనే కొనిపించాను. చెప్పి చూస్తాను, మాట మాత్రం ఇవ్వలేను.