న్యూయార్క్ సిటీ బ్రూక్లిన్‌లోని బెడ్-స్టై (బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్) పేటలో నల్లజాతి కుటుంబాల సొంతిళ్లు ఎలా చేజారుతున్నాయి?

వాగుఒడ్డు:
2010-20 మధ్య అక్కడ నల్లజాతి జనాభా 22,000కి పైగా తగ్గింది, తెల్లవాళ్లు 30,000కి పైగా పెరిగారు. అద్దెకున్నవాళ్లు పోవడం అర్థమవుతుంది. సొంతిల్లున్నవాళ్లకి రేటు పెరిగితే లాభమే కదా?

పాతదస్తావేజు:
ఇల్లు ఇంకా తాత పేరు మీదే ఉంటుంది, చిక్కంతా అక్కడే. వీలునామా లేకుండా ఆయన పోతే పిల్లలు, పోయిన పిల్లల పిల్లలు అందరూ వాటాదార్లే. 2024లో చట్టం అడ్డుకునేదాకా, ఎక్కడో అట్లాంటాలో ఉన్న ఒకరిని పట్టుకుని ఇన్వెస్టరు ఆ వాటా చవగ్గా కొనేవాడు, పంపకం దావా వేసేవాడు. బ్రౌన్‌స్టోన్ ఇంటిని (అక్కడి పాతకాలపు గోధుమరంగు రాతి ఇల్లు) ముక్కలుగా పంచలేరు, అందుకని మొత్తం అమ్మకానికి పెట్టమనేవాడు. ఉమ్మడి ఆస్తి తగాదాలు ఎరిగిన మనవాళ్లకి ఇదేం కొత్త కాదు.

అంతకుముందే 2019లో పంపకం దావాల చట్టం మారింది. ఇప్పుడు వారసుల్లో ఎవరైనా దావా వేసినా, కోర్టు ముందు ఇంటి విలువ కట్టిస్తుంది. అమ్మకం అడిగినవాడి వాటాను ఆ లెక్కన మిగతావాళ్లు కొనుక్కోవచ్చు, నోటీసు ఇచ్చిన 45 రోజుల్లో తేల్చి చెప్పాలి. అంత డబ్బు అప్పటికప్పుడు ఎక్కడ పుడుతుంది? పేరు మారని ఇంటి మీద బ్యాంకు అప్పూ ఇవ్వదు. దావా పడకముందే వారసత్వం కోర్టులో తేల్చుకుని, పేర్లు దస్తావేజులోకి ఎక్కించుకోవాలి.

నల్లరేగడి:
దొంగ దస్తావేజులు మర్చిపోయారు. అప్పు వాయిదాలు తప్పిన ముసలివాళ్ల దగ్గరికొచ్చి ‘లోన్ సర్దుబాటు కాగితాలు’ అని సంతకం పెట్టించుకుంటారు, అందులో ఇల్లే రాసిచ్చేసినట్టు ఉంటుంది. రిజిస్టర్ ఆఫీసు నోటరీ ముద్ర, కాగితాల తీరు చూస్తుందే తప్ప మోసమా కాదా అని ఆరా తియ్యదు. సిటీ రికార్డుల సైటు అక్రిస్‌లో ఇంటి బ్లాక్, లాట్ నంబర్లతో ఉచితంగా నమోదైతే, ఆ ఇంటి మీద ఏ కాగితం ఎక్కినా కబురొస్తుంది. దానితో మోసం ఆగదు, కానీ తొందరగా తెలుస్తుంది.

కొబ్బరితోట:
అద్దెవాళ్ల సంగతీ అంత తేలిగ్గా వదిలెయ్యొద్దు. 1974కి ముందు కట్టిన, ఆరు లేదా అంతకు మించి ఫ్లాట్లున్న బిల్డింగయితే చాలావరకు అద్దె నియంత్రణ ఉంటుంది. రాష్ట్ర హౌసింగ్ శాఖని అడిగితే ఆ ఫ్లాటు అద్దె చరిత్ర ఉచితంగా పంపుతారు. ఒక్కసారిగా అద్దె ఎగిరిన ఏడాది ఉంటే లాయరుకి చూపించండి. యజమాని డబ్బిస్తాం ఖాళీ చెయ్యండి అంటే, వద్దని రాసి ఇవ్వండి. ఆ తర్వాత 180 రోజులు మళ్లీ అడగకూడదు.

వాగుఒడ్డు:
మూడు ఫ్లాట్లున్న బ్రౌన్‌స్టోన్‌లో అద్దెకుంటే?

కొబ్బరితోట:
ఆ నియంత్రణ వర్తించదు. అద్దెవాళ్ల కోసం వచ్చిన 2024 చట్టం కారణం లేకుండా ఖాళీ చేయించకూడదంటుంది గానీ, మొత్తం పది ఫ్లాట్లకి మించని చిన్న యజమానులకి మినహాయింపు ఉంది. ఇల్లు అలా మినహాయింపు ఉన్న కొత్త కొనుగోలుదారు చేతికి వెళ్తే లీజు గడువు వరకే ధీమా.