ఇంకడం వేరు, వారడం వేరు: ‘జాలు నేల’ మీద చర్చ

సిరొంచ నుంచి:

అందరికీ నమస్కారం. ఒక రకం నేలకు తెలుగు మాట కావాలి. వారం నుంచి వెతుకుతున్నాను.

మా అక్క కొడుకు ఫ్లోరిడాలో మట్టి శాస్త్రం చదువుతున్నాడు. తను ఏ నేల మీద పని చేస్తున్నాడో వాళ్ళమ్మకు ఫోన్లో చెప్పబోయి, మాట కుదరక నన్ను అడిగాడు. పైన ఇసుక, అడుగున సున్నపురాయి, వానలు మొదలైతే నీళ్ళతో నిండిపోయే నేల అది. అమ్మకు ‘నీరు ఇంకని ఇసుకనేల’ అని చెప్పాడట. అక్క ఒప్పుకోలేదు. ‘ఉసికెల నీళ్ళు ఇంకకపోవుడేందిరా? గట్లయితే అది ఉసికెనే కాదు’ అన్నదట.

అక్కది ప్రాణహిత ఒడ్డు పల్లె. ఇసుక సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర లేదు. ‘ఇసుకలో పోసిన నీళ్ళు’ అని మనం అనేది కూడా పోసింది పోసినట్టే మాయమవుతుందనే కదా. అందుకని నేను బాగా ఆలోచించి, ‘ఇసుక కింద బండ ఉంది, ఆ బండ నీళ్ళను ఆపుతోంది, పళ్ళెంలో ఇసుక పోసి నీళ్ళు పోసినట్టు’ అని రాసి పంపాను. నాకైతే నచ్చింది. వాడు మాత్రం ‘అది కూడా కాదు మామా’ అన్నాడు.

దక్షిణ ఫ్లోరిడా సున్నపురాయి చాలాచోట్ల గుల్లరాయి. నీళ్ళు కరిగించిన బొక్కలతో నిండి ఉంటుంది. మయామీ ఊరు తాగే నీళ్ళు ఆ రాతిలోంచే తోడతారు. బిస్కేన్ అని పిలిచే ఆ భూగర్భజలపు పొర లోకంలో నీళ్ళు అతి సులువుగా కదిలే పొరల్లో ఒకటి. అంటే పైన ఇసుక నీళ్ళను ఆపదు, కింద రాయీ ఆపదు. అయినా వానాకాలంలో ఒక అడుగు తవ్వితే నీళ్ళు.

కారణం ఏమంటే, రాయి ముందే నిండి ఉంది. నేల చదును, సముద్రం పక్కనే. నీళ్ళు పోదామన్నా వాలు లేదు. ఫ్లోరిడా రాష్ట్రం మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన చోటు సముద్రమట్టానికి 105 మీటర్లు. మన మేడిగడ్డ బ్యారేజీ నిండు నీటిమట్టం 100 మీటర్లు. వాళ్ళ రాష్ట్రంలో అతి ఎత్తైన గుట్ట మన బ్యారేజీ నిండు మట్టంకంటే అయిదు మీటర్లే పైన. అదీ ఉత్తరాన. దక్షిణాన చాలా నేల సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే పరుచుకొని ఉంది. వానలు అక్కడా మనలాగే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ. ఏటా సుమారు 1300 మిల్లీమీటర్లు. పడ్డ వాన ఇసుకలో చక్కగా ఇంకుతుంది, ఇంకి కిందున్న నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు పైకి లేస్తాయి. నెలల తరబడి వేళ్ళ దగ్గరే ఉంటాయి. వానలు ఆగాక దిగిపోతాయి. అప్పుడు అదే నేలలో తడి చాలక మొక్క వాడిపోతుంది.

ఇదంతా వాడు ఫోన్లో చెబుతుంటే అక్క మధ్యలో ఆపి, ‘అయితే జాలు పట్టిందను’ అన్నది.

నాకు ప్రాణం లేచివచ్చింది. మా చెరువు కట్ట కింద రెండు మళ్ళు ఎప్పుడూ జాలే. అడుగు పెడితే కాలిముద్రలో నీళ్ళు చేరతాయి, వరి తప్ప మరొకటి రాదు. పత్తి పెడితే ఆకు పసుపెక్కి పోతుంది. చిన్నప్పటి నుంచి వింటున్న మాట, ఫ్లోరిడా అనేసరికి నాకెందుకు తట్టలేదో.

నా ప్రశ్న ఇది. ‘జాలు పట్టే ఇసుకనేల’ అని రాయవచ్చా? మీ వైపు ఈ స్థితికి ఏమంటారు?

రాజురా నుంచి:

జాలు మాకూ తెలుసు అన్నా. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా 1956 దాకా మేమూ ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్నాం, మాటలు వేరెట్లా అవుతాయి. కానీ జాలు అంటే పక్క నుంచి వచ్చేది. చెరువు నుంచో, కాలువ నుంచో, మెరక పొలం నుంచో ఊరి మన పొలంలోకి దిగేది. ఎగువన నీళ్ళు లేకపోతే దిగువన జాలు లేదు. మీ అల్లుడి నేల మీద నీళ్ళు పక్కవాళ్ళవి కావు, ఆ నేల మీద పడ్డ వానే. జాలు అంటే మా రైతులు ‘ఏ చెరువు కింద?’ అని అడుగుతారు.

ఇంకొకటి. ‘ఇంకని నేల’ ఏదో చూడాలంటే మా దగ్గరికి రండి. గడ్‌చాందూర్ వైపు సిమెంటు కోసం సున్నపురాయి తవ్వుతారు, మీ అల్లుడికి ఉన్నట్టే అడుగున సున్నపుబండ. అయితే పైన ఇసుక లేదు, నల్లరేగడి ఉంది. ఎండకు చేయి పట్టేంత పగుళ్ళు. నాలుగు వానలు పడితే ఉబ్బి పగుళ్ళు మూసుకుంటాయి, ఇక నీళ్ళు పైపైనే నిలుస్తాయి. అది ఇంకకపోవడం. ఆ ఫ్లోరిడా నేల సంగతి పూర్తిగా వేరు, మీ అక్కగారు ఒప్పుకోకపోవడం న్యాయమే.

మాట కావాలంటే మరాఠీలో ‘నిచరా’ ఉంది. మా పిల్లలు మరాఠీ బడిలో చదివి ఇంట్లో కూడా అదే అంటారు. ‘నిచరా మంచిగున్న భూమి’, ‘నిచరా లేని భూమి’. పొలంలో నీళ్ళు దిగిపోవడం, బయటికి పోవడం అన్నీ ఆ ఒక్క మాటలో వస్తాయి. మొరం తీసుకున్నాం, జమీను తీసుకున్నాం. ఇది తీసుకుంటే తప్పేముంది?

సిరొంచ నుంచి:

తప్పేమీ లేదు. నిచరా నేనూ నోటితో వాడతాను, సంతకు వచ్చిన మరాఠీ రైతుతో వాడతాను. ఈ సరిహద్దులో బతికేవాళ్ళం అరువు మాటను తప్పుపడితే ఇంట్లో సగం మాటలు బయట పెట్టాలి. నా బాధ అది కాదు. మన మాట ఉందో లేదో చూడకుండానే చేయి చాపుతున్నామా అని.

ఎందుకంటే వ్యవసాయ సలహాల్లో తెలుగు ఇప్పటికే ఒకటి పెట్టుకుంది: ‘మురుగు నీరు పోయే సౌకర్యం గల నేలలు అనుకూలం’. పసుపుకైనా, మిర్చికైనా, బత్తాయికైనా ఇదే వాక్యం. ఇది నాకు మొదటి నుంచీ మింగుడు పడదు. మురుగు అంటే కుళ్ళిన నీళ్ళు, వీధి కాలువలో నీళ్ళు. పొలంలో నిన్న పడ్డ వాన మురుగు ఎట్లా అవుతుంది? అది పోకపోతే, నిలిచి నిలిచి ఆ తర్వాత మురుగుతుంది. ఇక రెండో వాక్యం ‘నీరు బాగా ఇంకే నేలలు’. రెండింటినీ ఒకే అర్థంలో మార్చి మార్చి వాడతారు. ఫ్లోరిడా పిల్లవాడు చిక్కుకున్నది సరిగ్గా ఇక్కడే. వాడి నేల బాగా ఇంకుతుంది. అయినా బత్తాయికి పనికిరాదు, ఎత్తుగా బోదెలు పోసి, మధ్యన కాలువలు తీస్తే తప్ప. అక్కడ నారింజ తోటలు, టమాటా పొలాలు అట్లా బోదెల మీదే పెడతారు.

జాలు గురించి మీరన్నది ఒప్పుకుంటాను, సగం. మా వైపు చెరువు లేని చోట కూడా, వాన ముసురు పట్టి పది రోజులు వదలకపోతే ‘చేను జాలు పట్టింది’ అంటారు. మా అక్క అట్లాగే అన్నది. నీళ్ళు ఎక్కడివని కాదు, నేల ఏమైందని చెబుతుంది ఆ మాట.

వణి నుంచి:

మేమూ ముసురు జాలు అంటాం. మీ అక్కగారి పక్షమే.

పర్లాకిమిడి నుంచి:

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ళం కాబట్టి నోట్లో ఉన్న మాట వదిలి కొత్తది కట్టడమంటే మాకు మనసొప్పదు. ముందు మా మాటలు చెబుతాను. జాలు ఈ అర్థంలో మా వైపు నేను వినలేదు. అడుగు నుంచి ఉబికితే ఊట అంటాం, లోతట్టు నేల పల్లం, ఎత్తు నేల మెట్ట. కాలు దిగబడితే రొంపి. చిత్తడి అంటే పైన కనిపించే తడే.

అయితే మీరు నిచరా అనగానే నాకు మా అమ్మ సిబ్బి కళ్ళముందుకొచ్చిందండీ. వెదురు సిబ్బి కుండ మూతికి అడ్డం పెట్టి గంజి వార్చేది. గంజి వార్చడం! ఇదే కదా మీరు వెతుకుతున్నది. నీళ్ళు పోగొట్టడాన్ని తెలుగు ‘వార్చడం’ అంటుంది, నీళ్ళు వాటంతట అవి పోతే ‘వారడం’. జాలువారడంలో ఉన్నదీ అదే వారడం. గంజి సరిగ్గా వారకపోతే అన్నం ముద్దవుతుంది. బాగా వారితే పొడిపొడిగా ఉంటుంది. ‘వారలేదు’ అని మా అమ్మ రోజూ అనేది.

ఇప్పుడు మీ అల్లుడి నేలను ఆ కుండలో చూడండి. ఉడికిన మెతుకులు ఇసుక. మెతుకుల సందుల్లో గంజికి అడ్డమేమీ లేదు, అటూ ఇటూ ఎంచక్కా కదులుతుంది. సిబ్బికి బోలెడు కంతలు, మీ సున్నపురాయికి ఉన్నట్టే. ఇంత ఉండీ గంజి ఎందుకు వారదు? కుండ వంచలేదు కాబట్టి! మీ ఫ్లోరిడా వంచని కుండ. వాలు లేదని మీరే రాశారు. ‘నీరు వారని ఇసుకనేల’ అంటే వంటింట్లో ఉన్న ఏ ఆడకూతురికైనా తెలిసిపోతుంది, ఇసుకలో నీళ్ళు ఇంకకపోవడమేటి అని అడగరు.

రాజురా నుంచి:

మా ఇంట్లో గంజి వంపుతారు, వార్చరు. అయినా కుండ పోలిక దగ్గర నేను ఓడిపోయాను అక్కా. నిచరా కూడా నాకు తెలిసి వడియడం, కారిపోవడం నుంచే వచ్చింది. రెండు భాషలూ ఒకే దారిన వెళ్ళాయి.

ఒక్క అనుమానం. వారు అంటే ‘ఆ మనుషులు’ కూడా కదా. ‘నీరు వారే నేల’ అని పేపర్లో చూస్తే చదివేవాడు తడబడడా?

పర్లాకిమిడి నుంచి:

వాక్యంలో పక్కన నీరు ఉంటే తడబడరు తమ్ముడూ. ‘కన్నీరు కారు’ అని చదివినప్పుడు ఎవరూ మోటారు కారు అనుకోరు కదా.

సిరొంచ నుంచి:

రాత్రి ఇవన్నీ అక్కకు చదివి వినిపించాను. గంజి పోలికకు ఆమె మొహం విచ్చుకుంది. మేనల్లుడికి కూడా పంపాను. వాడు చెప్పిన దాంతో నాకు ఒక సంగతి బాగా స్పష్టమైంది, అది మీ ముందు పెట్టాలి.

అమెరికా మట్టి సర్వేలో ఈ గుణానికి ఏడు మెట్లు ఉన్నాయట. ఆ మెట్లు నేల ఎంత వేగంగా నీళ్ళు తాగుతుందో చెప్పవు. ఏడాదిలో ఎన్నాళ్ళు, ఎంత పై దాకా తడి ఉంటుందో చెబుతాయి. తాగే వేగానికి లెక్క వేరే ఉంది. మనం ఇంకడం, వారడం అని విడదీసింది వాళ్ళ పుస్తకంలోనూ విడివిడిగానే ఉంది. ఇన్నాళ్ళూ మన వ్యవసాయ తెలుగు ఈ రెండింటినీ కలిపేయడం నాకు నిజంగా నష్టమనిపిస్తోంది. ఎర్రటి చెల్క నేల ఇంకుతుంది, వారుతుంది. రాజురా రేగడి ఇంకడమే కష్టం. ఫ్లోరిడా ఇసుక ఇంకుతుంది గాని వారదు. మూడు నేలలకూ మూడు రకాల సేద్యం. ఒకే మాటతో చెబితే రైతు ఏ కాలువ తవ్వాలి?

ఆ ఏడు మెట్లకు మన మాట వేసి చూశాను: మితిమీరి వారేది, కొంత ఎక్కువగా వారేది, బాగా వారేది, ఓ మోస్తరుగా వారేది, కొంత తక్కువగా వారేది, సరిగా వారనిది, బొత్తిగా వారనిది. వాడి నేల ఆరోదాంట్లో వస్తుంది. ఎండిన రోజున కూడా ఆ సంగతి మట్టిరంగు చెబుతుందట. నీళ్ళు నెలలు నిలిచిన చోట ఇనుము రంగు పోయి మట్టి బూడిదలా ఉంటుంది, మధ్యమధ్య తుప్పు చారలు. మా జాలు మళ్ళలో గట్టు కోసినప్పుడు నేనే చూశాను ఆ చారలు, ఎందుకో అప్పుడు తెలియదు.

అక్కడి మట్టికి దగ్గరి ఊరి పేరు పెడతారు. హాలండేల్ అనే మట్టిలో సున్నపుబండ అర మీటరు లోపే తగులుతుంది. బోకా అనే దాంట్లో ఇంకాస్త లోతున, మీటరు లోపు. సున్నపురాయి అంటే కోట అనే మన ఊరు గుర్తొచ్చింది నాకు. సిరొంచ దగ్గర ఆ కోట రాతిలో డైనోసార్ల కాలపు చేపల శిలాజాలు దొరికాయి. అది మంచినీటి చెరువుల అడుగున పేరుకున్న సున్నం, వాళ్ళది సముద్రం అడుగున పేరుకున్నది. చర్చకు సంబంధం లేదు, కానీ రెండు సున్నాల మధ్య మా అక్కా కొడుకులు ఉన్నారనిపించి రాశాను.

చివరికి నేను రాసుకున్నది ఇది. గుణానికి ‘వారడం’, స్థితికి ‘జాలు’. నేల ఎప్పుడూ వారనిదే, జాలు మాత్రం వచ్చి పోతుంది. మేనల్లుడి కోసం కట్టిన వాక్యం: ‘పైన ఇసుక, కింద సున్నపుబండ; నీళ్ళు ఇంకుతాయి గాని వారవు; కాలాన్ని బట్టి జాలు పడుతుంది.’

అక్క విని, ‘కాలాన్ని బట్టి’ తీసేసి ‘వానకాలం’ అని పెట్టమన్నది. పెట్టాను. వాడికి పంపించాను.